సెలవుల తర్వాత పసిపిల్లల ఇల్లు గాడిలో పడాలంటే

ఇంటికి చేరిన రాత్రి అలసటలో అందరూ చేసే పని, బ్యాగులన్నీ తెచ్చి మంచం మీద పడేయడం. ఆ వెంటనే అనుకునే మాట, "రేపటి నుంచి అంతా మామూలే." బ్యాగులు మంచం మీద ఎందుకు పెట్టకూడదో బట్టల దగ్గర చెప్తాం. అసలు చిక్కంతా ఆ "మామూలే" దగ్గరుంది. మూడు వారాలంటే మనకి చిన్న విరామం. ఏడాదిన్నర పిల్లకి మాత్రం అది చాలా పెద్ద కాలం. ఈలోగా చెప్పులు బిగుతై ఉండొచ్చు, పగటి కునుకులు రెండు నుంచి ఒకటికి తగ్గి ఉండొచ్చు, ఎప్పుడో మాన్పించిన రాత్రి పాలు మళ్లీ మొదలై ఉండొచ్చు. పాత టైంటేబుల్ తీసి గోడకి అంటించే ముందు, ఇప్పుడున్న పిల్లని ఒకసారి కొత్తగా చూసుకోవాలి.

ఇది ఐదారేళ్లలోపు పిల్లలున్న ఇంటి కోసం, రెండు వారాల లెక్కతో రాసింది. మొదటి వారం నిద్ర, బట్టలు, మందుల పెట్టె చూసుకోండి. బొమ్మలు, ఫొటోలు, బంధువులకి కబుర్లు రెండో వారానికి వదిలేయండి. ఒక్క బొమ్మల బ్యాటరీలు మాత్రం మొదటి రోజే చూడాలి.

ముందు పొద్దున్న లేచే వేళ

అందరూ రాత్రి పడుకునే వేళతో మొదలుపెట్టి ఓడిపోతారు. నిద్రపోతున్న పిల్లని లేపడం మన చేతిలో పని. నిద్ర రాని పిల్లని నిద్రపుచ్చడం ఎవరి చేతిలోనూ లేదు. అందుకే పొద్దున్న వేళని పట్టుకుంటే రాత్రి వేళ దాని వెనకే వస్తుంది.

ఎంత నిద్ర కావాలో ముందు తెలుసుకోండి. పగటి కునుకులు కలుపుకుని 4 నెలల నుంచి ఏడాదిలోపు పిల్లలకి రోజుకి 12 నుంచి 16 గంటలు, 1–2 ఏళ్లకి 11 నుంచి 14, 3–5 ఏళ్లకి 10 నుంచి 13 గంటలు కావాలి. 6–12 ఏళ్ల పిల్లలకి 9 నుంచి 12 గంటలు.

సెలవుల్లో పిల్ల రాత్రి 10:30కి పడుకుని పొద్దున్న 8:30కి లేచిందనుకుందాం. బడికి 6:30కి లేవాలి. తేడా 2 గంటలు, అంటే 15 నిమిషాల మెట్లు ఎనిమిది. రోజుకో మెట్టు దిగితే ఎనిమిది రోజుల్లో చేరుకుంటారు. తొందరగా కుదిరే పిల్లయితే రోజుకి అరగంట చొప్పున జరపొచ్చు, మొండికేస్తే ఒక్కో మెట్టు మీద రెండు రోజులు ఆగాలి. పొద్దున్న లేచే వేళతో పాటు తిండి వేళలు, స్నానం, పగటి కునుకు, రాత్రి పడక అన్నీ అదే 15 నిమిషాలు ముందుకి రావాలి. నిద్ర ఒక్కటే జరిపి తిండి పాత వేళకే పెడితే పిల్ల పడకెక్కాక ఆకలంటుంది.

లేచిన అరగంటలోపు ఎండ వెలుతురు కళ్లకి తగలాలి. కర్టెన్లు తీయడం కన్నా ఒక పావుగంట ఆరుబయట తిప్పడం మేలు. పొద్దుటి వెలుతురు ఒంట్లోని గడియారాన్ని ముందుకి జరుపుతుంది, రాత్రి వెలుతురు వెనక్కి లాగుతుంది. నిద్రకి ఒంటిని సిద్ధం చేసే మెలటోనిన్‌ని వెలుతురు అణచిపెడుతుంది కాబట్టి, పడుకునే వేళకి గంట ముందే పెద్ద లైట్లు ఆపేసి చిన్న దీపం ఒక్కటే ఉంచండి. ఫోనూ టీవీ ఆ గంటలో ఉండకూడదని వేరే చెప్పనక్కర్లేదు. పిల్లలకి సరే, మనకే కష్టం.

ఇక్కడ జరిగే పొరపాట్లు మూడు. మొదటి రాత్రే రెండు గంటలు ముందు పడుకోబెట్టడం అన్నిటికన్నా పెద్దది. అలవాటైన నిద్ర వేళకి ముందు రెండు మూడు గంటలు ఒళ్లు బాగా మెలకువగా ఉంటుంది. అప్పుడు లైటు తీసేస్తే పిల్ల గంటన్నర దొర్లుతుంది, నీళ్లంటుంది, ఏడుస్తుంది. నాలుగు రాత్రులు అలా గడిస్తే పడక అంటేనే పేచీ అని మనసులో పడిపోతుంది. రెండోది, సాయంత్రం ఐదింటికి కారులో పట్టే పదినిమిషాల కునుకు. చూడ్డానికి అది ఏమీ కాదు, కానీ పగలంతా పోగైన నిద్రమత్తులో కొంత దానికే దిగిపోతుంది, రాత్రి గంట ఆలస్యమవుతుంది. మూడేళ్లు దాటిన పిల్లల్ని మధ్యాహ్నం మూడు దాటాక నిద్రపోనివ్వకపోవడం మంచిది. మూడోది, "పాపం, సెలవు రోజేగా" అని వారాంతంలో గంటన్నర ఎక్కువ పడుకోనివ్వడం. అయిదు రోజుల పని దానితో వెనక్కి పోతుంది.

వేరే టైమ్ జోన్ నుంచి వచ్చిన వాళ్లయితే 15 నిమిషాల మెట్లు పక్కన పెట్టండి. దిగిన రోజు నుంచే స్థానిక వేళకి లేపి, వెలుతురులో తిప్పి, భోజనాలు స్థానిక వేళకే పెట్టండి. గడియారంలో ఉన్న తేడాలో సుమారు ఒక గంటకి ఒక రోజు పడుతుందని లెక్కేసుకోవచ్చు. తూర్పుకి ప్రయాణిస్తే కాస్త ఎక్కువే. రాత్రి రెండింటికి లేచి ఆకలంటే కొంచెం తినిపించండి గానీ లైట్లు వేసి ఆటలు మొదలుపెట్టకండి.

సెలవుల్లో అందరూ ఒకే మంచం మీద పడుకుని ఉంటే, తిరిగొచ్చాక తన మంచం మీద ఒంటరిగా పడుకోమంటే పిల్ల ఒప్పుకోదు. మొదటి మూడు రాత్రులు మంచం పక్కనే కుర్చీ వేసుకుని నిద్రపోయేదాకా కూర్చోండి. తర్వాత మూడు రాత్రులు కుర్చీ గది మధ్యలోకి, ఆపై మూడు రాత్రులు గుమ్మం దగ్గరికి. కుర్చీలో ఉన్నప్పుడు కబుర్లు వద్దు, "ఇక్కడే ఉన్నా, పడుకో" అన్న ఒక్క మాటే, ప్రతిసారీ అదే గొంతుతో. ఇద్దరిలో ఒకరు కుర్చీ పద్ధతి పాటించి రెండోవాళ్లు పక్కలోకి తెచ్చేసుకుంటే మొదలుపెట్టకపోవడమే నయం. ఏడాదిలోపు పసికందుల సంగతి వేరు. వాళ్లు మీ గదిలోనే ఉండొచ్చు, కానీ విడిగా, చదునైన గట్టి పరుపు మీద, వెల్లకిలా, చుట్టూ దిండ్లూ దుప్పట్లూ మెత్తటి బొమ్మలూ లేకుండా పడుకోవాలి. సెలవుల్లో ఎలా గడిచినా ఇంట్లో దీనికి సడలింపు లేదు.

బ్యాగులు, బట్టలు, తల

సూట్‌కేసు గచ్చు నేల మీద పెట్టి విప్పండి. బాల్కనీయో బాత్రూమో అయితే ఇంకా మంచిది. హోటళ్లలో, అద్దె గదుల్లో నల్లులు సూట్‌కేసు కుట్ల వెంబడి, జిప్పు మడతల్లో చేరతాయి. మంచం మీద విప్పితే వాటికి దారి చూపించినట్టే. కుట్ల వెంట టార్చి వేసి చూసి, వాక్యూమ్ చేసి, ఆ తర్వాతే లోపలికి తీసుకెళ్లండి. వేడికి ఆగే బట్టల్ని డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద 30 నిమిషాలు తిప్పితే నల్లులూ వాటి గుడ్లూ పోతాయి.

మురికి బట్టల్లో ముందు తీయాల్సినవి తడివి. ఈత బట్టలు, ప్లాస్టిక్ కవర్లో చుట్టిపెట్టిన తువ్వాలు, పాలు కక్కిన చొక్కా. పాలు, వాంతి, రక్తం మరకలకి వేడినీళ్లు తగిలించొద్దు. వాటిలో ఉండే ప్రొటీన్ వేడికి గడ్డకట్టి దారాల్లోకి దిగిపోతుంది. చల్లనీళ్లలో అరగంట నానబెట్టి, మరక వెనకవైపు నుంచి నీళ్లు పోసి కడిగాకే మెషీన్‌లో వేయాలి. ఉతికాక మరక ఇంకా కనిపిస్తుంటే డ్రయ్యర్‌లో వేయకండి, మళ్లీ నానబెట్టండి.

కజిన్లందరూ తలలు ఆనించి పడుకున్న సెలవులైతే పేల సంగతి ఇంటికొచ్చిన రోజే చూసేయండి. తల తడిపి, కండిషనర్ పట్టించి, చిక్కుతీసి, పళ్లు దగ్గరగా ఉన్న పేల దువ్వెనతో కుదుళ్ల నుంచి చివరిదాకా పాయలు పాయలుగా దువ్వండి. ప్రతి దువ్వుకీ దువ్వెనని తెల్ల కాగితం మీద తుడిచి చూడండి. చెవుల వెనక, మెడ దగ్గర ముందు వెతకాలి. ఒక్క పేను కనబడినా మూడు నాలుగు రోజులకోసారి చొప్పున రెండు వారాలు దువ్వాల్సిందే. గుడ్లు పగలడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది కాబట్టి ఒక్కసారి దువ్వి వదిలేస్తే మళ్లీ వస్తాయి. పేలు తల విడిచి రెండు రోజులకి మించి బతకవు, కనుక ఇల్లంతా కడిగే హడావుడి అనవసరం. దిండు గలీబులు, దువ్వెనలు, టోపీలు వేడినీళ్లలో వేస్తే చాలు.

కొలతలు మళ్లీ తీసుకోవడం

దీనికి అరగంట చాలు, కానీ ఎవరూ చేయరు. పిల్లని గోడకి నిలబెట్టి ఎత్తు, మిషను మీద బరువు రాసుకోండి. సాయంత్రం పూట కాగితం మీద నిలబెట్టి రెండు పాదాల చుట్టూ గీత గీయండి. కూర్చున్నప్పుడు కొలిస్తే పాదం పూర్తిగా పరుచుకోదు, కొలత తక్కువ వస్తుంది. రెండిటిలో పొడుగ్గా ఉన్న పాదాన్నే లెక్కలోకి తీసుకోండి. అన్నిటికన్నా పొడుగు వేలికీ బూటు కొసకీ మధ్య సుమారు 12 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. చిన్నపిల్లలు బూటు బిగుతుగా ఉందని చెప్పరు, విప్పేసి విసిరేస్తారు. అది మొండితనమనుకుంటాం.

కారు సీటు ప్రయాణాల్లో ఒకటికి రెండుసార్లు తీసి బిగించి ఉంటారు. బెల్టు పోయే చోట పట్టుకుని ఊపి చూడండి, ఏ వైపూ 2.5 సెంటీమీటర్లకి మించి కదలకూడదు. వెనక్కి తిరిగి ఉన్న సీటులో భుజం పట్టీలు భుజాలకి సమానంగా గానీ కాస్త కింద గానీ రావాలి. ముందుకి తిరిగిన సీటులో సమానంగా గానీ కాస్త పైన గానీ. సెలవుల్లో ఎదిగిన పిల్లకి ఇదే తప్పుతుంది. భుజం ఎముక దగ్గర పట్టీని వేళ్లతో నిలువుగా గిల్లి చూడండి. గుడ్డ వేళ్లమధ్య చిక్కిందంటే వదులుగా ఉన్నట్టే.

మందుల పెట్టె కూడా ఈరోజే తీయండి. పారాసిటమాల్ మోతాదు పిల్ల బరువుని బట్టి ఉంటుంది, కొత్త బరువుకి ఎంత ఇవ్వాలో డాక్టర్నో ఫార్మసిస్టునో అడిగి సీసా మీద రాసి అంటించండి. చుక్కల సీసా, సిరప్ సీసా ఒకటి కావు. ఒకే మందైనా చిక్కదనం వేరు. ఒక సీసా డ్రాపర్‌తో ఇంకోదాన్ని కొలిస్తే ఎక్కువ పడిపోయే ప్రమాదం ఉంది. పొడిలో నీళ్లు కలిపి తయారుచేసిన యాంటీబయాటిక్ సిరప్ మిగిలి ఉంటే పారేయాలి. కలిపాక వాటి ఆయుష్షు వారం నుంచి రెండు వారాలే.

బొమ్మలు

కొత్త బొమ్మల్లో ప్రమాదమైనవి మూడు రకాలు. మొదటి రోజే వెతకాల్సింది నాణెం లాంటి బటన్ బ్యాటరీలు. పాటలు పాడే కార్డులు, మెరిసే చెప్పులు, చిన్న రిమోట్లు, మంట లేకుండా వెలిగే బ్యాటరీ కొవ్వొత్తులు, అన్నిటిలోనూ ఉంటాయి. ముఖ్యంగా 20 మిల్లీమీటర్ల లిథియం రకం, సీఆర్ 2032 అని ముద్ర ఉండేది, పసిపిల్లల అన్నవాహికలో సరిగ్గా ఇరుక్కునే సైజు. మింగితే లాలాజలం తగిలి కరెంటు పారి, రెండు గంటల్లోనే లోపల కాలిపోవడం మొదలవుతుంది. బ్యాటరీ మూతకి స్క్రూ లేని బొమ్మ పసిపిల్లలున్న ఇంట్లో ఉండకూడదు. వాడేసిన బ్యాటరీని కూడా రెండువైపులా టేపు వేసి అందని చోట పెట్టండి. బొమ్మ ఆడించే శక్తి పోయినా కాల్చే శక్తి ఉంటుంది.

మింగిందని అనుమానం వస్తే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెంటనే బయల్దేరాలి. వాంతి చేయించొద్దు. పిల్ల ఏడాది దాటినదై, మింగగలుగుతూ, మింగి 12 గంటలు దాటకపోతే, దారిలో ప్రతి 10 నిమిషాలకి రెండు టీస్పూన్ల తేనె చొప్పున ఆరుసార్ల వరకు ఇవ్వొచ్చు. అది కాలడాన్ని కొంత నెమ్మదింపజేస్తుంది, అంతే. తేనె కోసం వెతుకుతూ ఆలస్యం చేయకండి. ఏడాదిలోపు పిల్లలకి తేనె అసలు పెట్టకూడదు.

రెండోది బలమైన చిన్న అయస్కాంతాలు. రెండు మింగితే పేగు గోడలకి అటూ ఇటూ నిలిచి ఒకదాన్నొకటి లాక్కుని మధ్యలోని పేగుని నలిపి చిల్లు పెడతాయి. మూడోది నీళ్లలో ఉబ్బే జెల్ పూసలు. కడుపులోకి వెళ్లి అక్కడా ఉబ్బుతాయి. ఈ రెండూ ఇంట్లో ఏ మూలా వద్దు, "పెద్దవాడి కోసం" అని దాచినవైనా సరే. మిగతావాటికి టాయిలెట్ పేపరు లోపలి అట్టగొట్టం మంచి కొలత. అందులోంచి దూరిపోయే ముక్క ఏదైనా మూడేళ్లలోపు పిల్లల చేతికి రాకూడదు.

మిగిలిన బొమ్మల్లో మూడోవంతు బయట ఉంచి తక్కినవి డబ్బాల్లో పెట్టండి, రెండు మూడు వారాలకోసారి మార్చండి. దాచేముందు బ్యాటరీలు తీయడం మర్చిపోవద్దు. ఆల్కలైన్ బ్యాటరీలు కారి స్ప్రింగుల్ని తినేస్తాయి.

మళ్లీ బడి, క్రెష్

జ్వరం మందు వేయకుండానే 24 గంటలు జ్వరం రాకుండా ఉంటేనే పంపండి. వాంతులు, విరేచనాలైతే ఆగాక 48 గంటలు. సెలవుల్లో రోజంతా చుట్టూ జనంతో ఉన్న పిల్ల గుమ్మం దగ్గర ఏడవడం మామూలే. ముద్దుపెట్టి, ఎప్పుడొస్తారో పిల్లకి తెలిసే గుర్తుతో చెప్పి ("నువ్వు నిద్రలేచి పాలు తాగాక వస్తా") వెళ్లిపోండి. తలుపు చాటు నుంచి తొంగి చూడొద్దు. ఏడుస్తుందని చెప్పకుండా జారుకుంటే మర్నాటి నుంచి ఇంట్లో బాత్రూముకి వెళ్లినా వెంటబడుతుంది. టాయిలెట్ అలవాటైన పిల్ల మళ్లీ తడుపుకుంటే తిట్టకుండా కొన్నాళ్లు రెండు గంటలకోసారి తీసుకెళ్లండి చాలు.

ఫొటోలు

ముందు బ్యాకప్, తర్వాతే ఏరడం. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఇంటి బయట. ఉదాహరణకి ఫోను, హార్డ్ డిస్క్, క్లౌడ్. ఇక్కడ చాలామంది దెబ్బతినేది ఒకే చోట. "క్లౌడ్‌లో ఉందిగా" అని గ్యాలరీలో డిలీట్ కొడతారు. గూగుల్ ఫొటోస్‌లోనూ ఐక్లౌడ్‌లోనూ అలా చేస్తే క్లౌడ్‌లోదీ పోతుంది. ఫోనులో చోటు కావాలంటే గూగుల్ ఫొటోస్‌లో ఫ్రీ అప్ స్పేస్ అన్నదాన్నే వాడాలి. పొరపాటు జరిగితే బ్యాకప్ అయిన ఫొటోలు గూగుల్ ట్రాష్‌లో 60 రోజులు, ఐఫోన్‌లో 30 రోజులు ఉంటాయి, ఆలోపు వెనక్కి తెచ్చుకోవచ్చు.

బంధువులు తీసిన ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా తెప్పించుకుంటే కుదించుకుపోయి వస్తాయి, తీసిన తేదీ కూడా పోయి వచ్చిన తేదీ పడుతుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి. ఏరేటప్పుడు రోజుకి ఐదు అని పరిమితి పెట్టుకోండి. నవ్వుతూ వరసగా నిలబడ్డ ఇరవై ఫొటోల్లో ఒకటి చాలు. చెప్పు తెగినప్పుడు తీసినదీ, బామ్మ చేతివేళ్లు పట్టుకుని నిద్రపోయినదీ మాత్రం మసగ్గా ఉన్నా ఉంచండి.

బంధువులకి కబుర్లు

కబుర్లు పంపడం రెండో వారం చివరికి వాయిదా వేయండి. వచ్చిన రోజే రాస్తే ప్రయాణం సంగతులే ఉంటాయి. పది రోజులాగితే పిల్లల్లో ఏం మారిందో మీకే తెలుస్తుంది, కొలతలూ చేతిలో ఉంటాయి.

ఒక పేజీ, సుమారు 300 మాటలు, నాలుగైదు ఫొటోలు. మనిషికో పేరా. ప్రతి పేరాలో పొగడ్త బదులు కంటికి కనబడే ఒక్క సంగతి రాయండి. "పెద్దవాడు చాలా తెలివైనవాడయ్యాడు" అంటే తాతయ్యకి ఏమీ కనబడదు. "పెద్దవాడు బూట్లు తనే వేసుకుంటున్నాడు, కుడిది ఎడమకి. సరిచేయబోతే ఇలాగే ఇష్టమంటాడు" అంటే కనబడుతుంది. రాశాక ఇద్దరు పిల్లల పేరాలూ పక్కపక్కన పెట్టి వరసలు లెక్కపెట్టండి. ఒకరికి పది, ఒకరికి మూడు ఉంటే పిన్నీ బాబాయీ గమనిస్తారు, పదేళ్ల తర్వాత ఆ పిల్లా గమనిస్తుంది. అమ్మానాన్నల సంగతులు కూడా రాయండి. చాలా ఉత్తరాల్లో వాళ్లు పిల్లల్ని మోసే చేతుల్లాగే మిగిలిపోతారు. కొత్త ఉద్యోగం, ఇల్లు మారడం, మళ్లీ బిడ్డ రాబోతోందన్న సంగతి లాంటివి మాత్రం దగ్గరివాళ్లకి ముందు ఫోన్‌లో చెప్పాకే రాతలోకి రావాలి. గ్రూపులో చదివి తెలుసుకున్న అమ్మమ్మ ఆ సంగతి ఎప్పటికీ మర్చిపోదు.

పంపేముందు ఫొటోల్లో బడి పేరు, యూనిఫాం బ్యాడ్జి, ఇంటి నంబరు, టికెట్టు కనబడుతున్నాయేమో చూసి కత్తిరించండి. స్నానం ఫొటోలు ఎంత ముద్దుగా ఉన్నా వద్దు. ఇందాక డాక్యుమెంట్‌గా పంపమన్నాం కదా, అలా వెళ్లే ఫొటోలో ఎక్కడ తీశారో ఆ లొకేషన్ కూడా ఉంటుంది. ఇంట్లో వాళ్లకి సరే, పెద్ద గ్రూపులకి మాత్రం మామూలుగానే పంపండి. నాలుగేళ్లు దాటిన పిల్లకి ఆ ఫొటోలు చూపించి ఏది పంపొచ్చో అడగండి. వద్దన్నది తీసేయండి.

కళ్లు సరిగ్గా ఆనని పెద్దవాళ్లకి 18 పాయింట్ల అక్షరాలతో ప్రింటు తీసి పోస్టు చేయండి, లేదంటే నిమిషం మించని వాయిస్ మెసేజ్ పెట్టండి. వీడియో కాల్ చేసినప్పుడు "తాతయ్యకి హలో చెప్పు" అంటే రెండేళ్ల పిల్ల నోరు మూసుకుంటుంది. చేతిలో బొమ్మో, కొత్త బూటో పెట్టి "తాతయ్యకి చూపించు" అనండి. కెమెరాకి మరీ ఆనించి చూపిస్తుంది, అవతల తాతయ్యకి తెర మొత్తం బూటే కనబడుతుంది, అయినా ఆయన ఫోన్ పెట్టేయడు.